పురుగుమందుల కొట్టు సెర్చ్‌బాక్స్‌లో పర్సెంట్ గుర్తు: జాంగో, లారావెల్, వర్డ్‌ప్రెస్, రైల్స్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ ఏది ఎంత పనికొస్తుంది

గుంటూరులో పురుగుమందుల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఉన్న తలనొప్పి బట్టల షాపుకి రాసేవాళ్లకి ఉండదు. ఇక్కడ సరుకు పేర్లలోనే పర్సెంట్ గుర్తు కూర్చుని ఉంటుంది. ఫిప్రోనిల్ 5% ఎస్‌సీ, ఎసిఫేట్ 75% ఎస్‌పీ, ప్రొఫెనోఫాస్ 50% ఈసీ, ఇమిడాక్లోప్రిడ్ 17.8% ఎస్ఎల్, కార్బెండజిమ్ 12% + మాంకోజెబ్ 63% డబ్ల్యూపీ. చివర ఉన్న ఎస్‌సీ, ఈసీ లాంటివి మందు ద్రవమా పొడా అని చెప్పే తయారీ రకాలు. మిర్చికి తామర పురుగు పట్టిందని రైతు వచ్చి నిలబడితే కౌంటర్ దగ్గర గుమస్తా టైప్ చేసేది ఈ పేర్లే. డేటాబేస్‌లో పేర్లు వెతికే 'లైక్' పోలిక మాత్రం ఆ గుర్తుని 'ఇక్కడ ఏమున్నా సరే, ఏమీ లేకపోయినా సరే' అని చదువుకుంటుంది. అండర్‌స్కోర్ కనిపిస్తే 'ఏదో ఒక్క అక్షరం' అనుకుంటుంది. ఇలాంటి గుర్తుల్ని వైల్డ్‌కార్డులంటారు. ఈ రెండు గుర్తుల్నీ మామూలు అక్షరాలుగా మార్చే పనిని ('ఎస్కేప్' చేయడం అంటే ఇదే) ఏ ఫ్రేమ్‌వర్క్ (ప్రోగ్రాం రాయడానికి ముందే కట్టి ఇచ్చిన చట్రం) తనే చేస్తుంది, ఏది మన మీద వదిలేస్తుంది అన్నదే ఈ సమీక్షకి కొలత. వేగం, అందం, ఉద్యోగాలు వగైరా పక్కన పెట్టాం.

పరీక్షకి ఎనిమిది సరుకులున్న టేబుల్ చాలు. ఫిప్రోనిల్ 5% ఎస్‌సీ. థయోమెథాక్సామ్ 25% డబ్ల్యూజీ. ప్రొఫెనోఫాస్ 50% ఈసీ. కాపర్ ఆక్సీక్లోరైడ్ 50% డబ్ల్యూపీ. సల్ఫర్ 80% డబ్ల్యూజీ [1కేజీ]. డీఏపీ 50 కేజీ బస్తా. యూరియా 45 కేజీ బస్తా. స్ప్రేయర్ నాజిల్ ఎన్‌జెడ్_5. ఇప్పుడు సెర్చ్‌బాక్స్‌లో 5% అని కొట్టండి. ఎస్కేప్ చేయని ప్రోగ్రాం డేటాబేస్‌కి పంపేది '%5%%'. అంటే పేరులో ఎక్కడో ఒకచోట 5 ఉంటే చాలు. సల్ఫర్ ఒక్కటి తప్ప ఏడూ వచ్చిపడతాయి, యూరియా బస్తాతో సహా. సరిగ్గా ఎస్కేప్ చేసిన ప్రోగ్రాం '%5\%%' పంపుతుంది. ఫిప్రోనిల్, థయోమెథాక్సామ్ రెండే వస్తాయి.

25% ఎందుకొచ్చిందని కొట్టు యజమాని అడుగుతాడు. అది ఎస్కేపింగ్ లోపం కాదు. '25%' అన్న మాటలో '5%' ఉంది, లైక్ దాన్ని పట్టుకుంది, అంతే. దానికి విరుగుడు వేరు: మందు పేరు, శాతం, ఈసీ/ఎస్‌సీ లాంటి ఫార్ములేషన్ ఈ మూడూ వేర్వేరు కాలమ్స్‌లో పెట్టి, శాతాన్ని అంకెగా దాచుకోవాలి. అలా పెట్టినా పేరు మీద వెతకడం తప్పదు కాబట్టి ఎస్కేపింగ్ పనీ తప్పదు.

సమీక్షలోకి వెళ్లేముందు ఒక అపోహ తీర్చాలి. 'మేం ప్లేస్‌హోల్డర్లు వాడుతున్నాం, మాకేం భయం లేదు' అనేవాళ్లు చాలామంది. ప్లేస్‌హోల్డర్ అంటే క్వెరీలో (డేటాబేస్‌కి పంపే ప్రశ్నలో) విలువ కోసం వదిలిన ఖాళీ. అది కాపాడేది క్వెరీ నిర్మాణాన్ని. కొటేషన్ గుర్తు పెట్టి టేబుల్ లేపేయడం (ఇంజెక్షన్) కుదరకుండా చేస్తుంది. లోపలికెళ్లిన విలువని లైక్ ఎలా చదువుకుంటుందన్నది దాని పరిధి కాదు. పీహెచ్‌పీలో రియల్ ఎస్కేప్ స్ట్రింగ్ ఫంక్షన్ కూడా పర్సెంట్‌నీ అండర్‌స్కోర్‌నీ ముట్టుకోదు. ఆ సంగతి దాని మాన్యువల్‌లోనే ఉంది. కాబట్టి పనులు రెండు: ముందు ప్యాటర్న్ స్థాయిలో ఎస్కేప్ చేయాలి, తర్వాత ప్లేస్‌హోల్డర్ ద్వారా పంపాలి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.

ఇక పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో. ఈ ఒక్క విషయంలో అన్నిటికంటే ముందుంది. ఫిల్టర్‌లో కంటెయిన్స్, ఐకంటెయిన్స్, స్టార్ట్స్‌విత్, ఎండ్స్‌విత్ ఏది వాడినా బ్యాక్‌స్లాష్, పర్సెంట్, అండర్‌స్కోర్ మూడింటినీ తనే ఎస్కేప్ చేస్తుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో లైక్‌కి డిఫాల్ట్ ఎస్కేప్ అక్షరం లేదు కాబట్టి, అక్కడ క్వెరీ చివర 'ఎస్కేప్' మాటని కూడా తనే చేరుస్తుంది. మన టేబుల్ మీద 5% కొడితే రెండు పేర్లు, ఒక్క % కొడితే ఐదు పేర్లు, _ కొడితే నాజిల్ ఒక్కటే. అడ్మిన్ పేజీలోని సెర్చ్ కూడా మామూలుగా ఐకంటెయిన్స్ మీదే నడుస్తుంది కాబట్టి అక్కడా గొడవ లేదు.

లోపాలు లేవని కాదు. రా క్వెరీ, అంటే నేరుగా చేతితో క్వెరీ, రాసిన క్షణం ఆ రక్షణ అంతా పోతుంది. పైగా విలువలు (పారామీటర్లు) ఇచ్చినప్పుడు క్వెరీలోని మామూలు పర్సెంట్‌ని రెండుసార్లు (%%) రాయాలి, లేకపోతే పైథాన్ దాన్ని ప్లేస్‌హోల్డర్ అనుకుని ఎర్రర్ కొడుతుంది. ఇక్కడే చాలామంది ప్లేస్‌హోల్డర్ చుట్టూ కొటేషన్లు పెట్టి, దానికి అటూఇటూ %% తగిలించి గెలిచామనుకుంటారు. అది ఇంజెక్షన్‌కి తలుపు తీయడమే. పర్సెంట్లు క్వెరీలో కాదు, విలువలో కలపాలి. ఇంకో చిక్కు వేగంలో వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఐకంటెయిన్స్ రెండువైపులా అప్పర్ (అంతా పెద్దక్షరాలు చేసే) ఫంక్షన్ పెట్టి పోలుస్తుంది. పేరు కాలమ్ మీద మామూలుగా కట్టిన ట్రైగ్రామ్ ఇండెక్స్ (మాటల్ని మూడేసి అక్షరాలుగా విడగొట్టి, త్వరగా వెతకడానికి కట్టుకునే పట్టిక) దానికి అక్కరకు రాదు. అప్పర్ చేసిన పేరు మీద కట్టాలి. మార్కులు ఐదుకి నాలుగున్నర.

లారావెల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. చిన్న కొట్ల పనులు పట్టుకునే కుర్రాళ్ల చేతిలో పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ జోడీ ఎక్కువ, లారావెల్ ఆ పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కే. లారావెల్‌లో 'వేర్' లోపల లైక్ పెట్టి, రెండువైపులా పర్సెంట్ తగిలించి విలువ ఇస్తే బైండింగ్ (విలువని ప్లేస్‌హోల్డర్‌లోకి పంపడం) సవ్యంగానే జరుగుతుంది, ఎస్కేపింగ్ మాత్రం జరగదు. లారావెల్ 11లో వచ్చిన 'వేర్‌లైక్' పెద్ద-చిన్న అక్షరాల తేడా పట్టించుకోవాలా వద్దా అన్నది చూస్తుంది తప్ప వైల్డ్‌కార్డుల జోలికి పోదు. పేరు చూసి నమ్మితే యూరియా బస్తా మళ్లీ వచ్చేస్తుంది.

విరుగుడు ఒక్క లైనే. పీహెచ్‌పీ యాడ్‌సీస్లాషెస్ ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా వాడినవాడు సెర్చ్‌లో కొట్టిన మాట, రెండో ఆర్గ్యుమెంట్‌గా '\\%_' ఇస్తే మూడు గుర్తుల ముందూ బ్యాక్‌స్లాష్ పెడుతుంది. ఆ తర్వాత రెండువైపులా పర్సెంట్లు కలిపి వేర్‌కి పంపాలి. ఈ పనికి స్ట్రింగ్ రీప్లేస్ కంటే ఇది ఎందుకు మేలంటే, యాడ్‌సీస్లాషెస్ స్ట్రింగ్‌ని ఒక్కసారే చదువుతూ వెళ్తుంది. స్ట్రింగ్ రీప్లేస్‌కి మూడు గుర్తుల జాబితా ఇస్తే వరుసగా మూడుసార్లు మారుస్తుంది, అందులో వరుస తప్పితే కొంప మునుగుతుంది. పర్సెంట్‌ని ముందు మార్చి బ్యాక్‌స్లాష్‌ని తర్వాత మారిస్తే 5% కాస్తా మొదట 5\% అవుతుంది, ఆపైన 5\\% అవుతుంది. డేటాబేస్ దాన్ని 'ఐదు, నిజమైన బ్యాక్‌స్లాష్, తర్వాత ఏదైనా' అని చదువుతుంది. ఫలితాలు సున్నా. రీప్లేసే వాడాలనుకుంటే బ్యాక్‌స్లాష్‌ని ఎప్పుడూ ముందు మార్చాలి.

లారావెల్ వాడేవాళ్లని ఎక్కువగా ముంచేది ఇది కాదు, టెస్టులు. సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్, టెస్టుల్లో మెమరీలో నడిచే ఎస్‌క్యూలైట్ పెట్టుకోవడం అలవాటు. మైఎస్‌క్యూఎల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో బ్యాక్‌స్లాషే డిఫాల్ట్ ఎస్కేప్ అక్షరం. ఎస్‌క్యూలైట్‌లో డిఫాల్ట్ ఏదీ లేదు కాబట్టి అక్కడ బ్యాక్‌స్లాష్ మామూలు అక్షరంగానే మిగిలిపోతుంది. సరిగ్గా రాసిన కోడ్ టెస్టులో ఫెయిల్ అవుతుంది. అది చూసి 'ఎస్కేప్ వల్లే పాడైంది' అని ఆ లైన్ తీసేసేవాళ్లు ఉంటారు. టెస్టు పచ్చగా మారుతుంది, కౌంటర్ దగ్గర సెర్చ్ చెడుతుంది.

క్వెరీలో ఎస్కేప్ అక్షరాన్ని మనమే చెప్పేస్తే ఈ తేడా పోతుంది. అయితే బ్యాక్‌స్లాష్‌నే చెప్పబోతే ఇంకో చిక్కు. మైఎస్‌క్యూఎల్ స్ట్రింగ్‌లలో బ్యాక్‌స్లాష్‌కి వేరే పని ఉంది కాబట్టి అక్కడ '\' అని రాస్తే మూసే కొటేషన్‌ని మింగేస్తుంది, '\\' రాయాలి. ఎస్‌క్యూలైట్‌లో '\\' రాస్తే రెండు అక్షరాలయ్యాయని ఒప్పుకోదు. అందుకే మా సలహా ఆశ్చర్యార్థకం గుర్తు. వాడినవాడి మాటలో ! ని !! గా, % ని !% గా, _ ని !_ గా మార్చండి. యాడ్‌సీస్లాషెస్ బ్యాక్‌స్లాష్ తప్ప ఇంకేదీ పెట్టదు కాబట్టి ఇక్కడ ఎస్‌టీఆర్‌టీఆర్ ఫంక్షన్‌కి మూడు జతల అర్రే ఇవ్వండి, అదీ ఒక్క చదువులోనే మారుస్తుంది. క్వెరీలో లైక్ ప్లేస్‌హోల్డర్ తర్వాత ఎస్కేప్ '!' అని రాయండి. లారావెల్‌లో దీనికి 'వేర్‌రా' వాడాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ ఐదింటిలోనూ ఇదే లైన్ నడుస్తుంది. ఇంత పని మన చేత చేయించుకుంటుంది కాబట్టి లారావెల్‌కి రెండున్నర.

వర్డ్‌ప్రెస్‌ని పెద్ద ప్రోగ్రామర్లు చిన్నచూపు చూస్తారు గానీ ఈ పరీక్షలో లారావెల్ కంటే మర్యాదగా నిలబడింది. 2014లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి డేటాబేస్ ఆబ్జెక్ట్‌లో 'ఎస్క్ లైక్' అనే ఫంక్షన్ ఉంది. అంతకుముందున్న 'లైక్ ఎస్కేప్'ని అప్పుడే పక్కన పెట్టారు, పాత ప్లగిన్లలో కనిపిస్తే మార్చేయండి. వరుస ముఖ్యం: మొదట ఎస్క్ లైక్, తర్వాత రెండువైపులా పర్సెంట్లు, ఆఖరున ప్రిపేర్ (విలువని క్వెరీలో పెట్టే ఫంక్షన్). ప్రిపేర్ చేశాక ఎస్క్ లైక్ చేస్తే అప్పటికే చేరిన బ్యాక్‌స్లాష్‌లకి ఇంకోసారి బ్యాక్‌స్లాష్‌లు పడతాయి, క్వెరీ చెడుతుంది. వర్డ్‌ప్రెస్ సొంత సెర్చ్ ఈ ఫంక్షన్‌నే వాడుకుంటుంది. చెడేది మనం చేతితో రాసిన 'సరుకు వెతుకు' ప్లగిన్లలోనే. నాలుగు మార్కులు.

రూబీ భాష ఫ్రేమ్‌వర్క్ రైల్స్ గురించి తక్కువే చెప్పొచ్చు. 4.2 నుంచి 'శానిటైజ్ ఎస్‌క్యూఎల్ లైక్' ఉంది, పని సరిగ్గా చేస్తుంది, ఎస్కేప్ అక్షరాన్ని రెండో ఆర్గ్యుమెంట్‌గా మార్చుకోనిస్తుంది. కానీ పిలవడం మన బాధ్యత. రైల్స్ లోపల క్వెరీలు కట్టే ఏరెల్‌లోని 'మ్యాచెస్' దాన్ని పిలవదు. ఎస్‌క్యూలైట్ మీద నడిపితే ఎస్కేప్ మాట మనమే రాసుకోవాలి. మూడున్నర.

ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే పైథాన్ లైబ్రరీలో నచ్చేది నిజాయితీ. కంటెయిన్స్, స్టార్ట్స్‌విత్, ఎండ్స్‌విత్ మూడింటికీ 'ఆటోఎస్కేప్' అనే ఆప్షన్ ఉంది. ఆన్ చేస్తే స్లాష్ (/) ని ఎస్కేప్ అక్షరంగా పెట్టుకుని, క్వెరీలో ఎస్కేప్ '/' అని తనే రాస్తుంది. డేటాబేస్ డిఫాల్ట్ మీద ఆధారపడదు కాబట్టి ఎస్‌క్యూలైట్ టెస్టుల గొడవ ఉండదు. బ్యాక్‌స్లాష్ జోలికి పోకపోవడం తెలివైన నిర్ణయం. నచ్చనిది, ఆ ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఫ్లాస్క్ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో చిన్న ప్రాజెక్టులు చేసేవాళ్లు కంటెయిన్స్ అని రాసి జాంగోలో లాగే నడుస్తుందనుకుంటారు, నడవదు. 'లైక్', 'ఐలైక్' పిలుపులకి ఆటోఎస్కేప్ అసలే లేదు, ఎస్కేప్ అక్షరం మాత్రం చెప్పుకోవచ్చు. నాలుగు.

ఫ్రేమ్‌వర్క్ ఏదైనా కింద ఉన్న డేటాబేస్ గుణం కొంత బయటపడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదరపు బ్రాకెట్ కూడా వైల్డ్‌కార్డే. మన టేబుల్లో [1కేజీ] అని వెతికితే అది సల్ఫర్ ప్యాకెట్‌ని కాదు, '1, క, ఏత్వం, జ, దీర్ఘం వీటిలో ఏదో ఒకటి ఉన్న పేరు'ని వెతుకుతుంది. దాదాపు సరుకంతా వచ్చేస్తుంది. అక్కడ [ ని కూడా ఎస్కేప్ జాబితాలో చేర్చాలి. అదే జాబితాని ఒరాకిల్‌కి తీసుకెళ్తే తిరగబడుతుంది: ఎస్కేప్ అక్షరం తర్వాత %, _, లేదా అదే అక్షరం తప్ప ఇంకేం వచ్చినా ఓఆర్ఏ-01424 ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్యాటర్న్ ఎస్కేప్ అక్షరంతో ముగియకూడదు. ఎండ్స్‌విత్ తరహా సెర్చ్‌లో ఎవరో ఆఖరున ఒక్క బ్యాక్‌స్లాష్ కొడితే 22025 ఎర్రర్ రావచ్చు, పేజీ 500 (సర్వర్ లోపం) చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అదే చోట బ్యాక్‌స్లాష్‌ని మామూలు అక్షరంగా తీసుకుని ఊరుకుంటుంది. అదే మైఎస్‌క్యూఎల్‌లో 'నో బ్యాక్‌స్లాష్ ఎస్కేప్స్' మోడ్ ఆన్ చేసి ఉంటే లైక్‌కి డిఫాల్ట్ ఎస్కేప్ అక్షరమే ఉండదు. సర్వర్ మార్చగానే సెర్చ్ చెడితే ముందు ఈ సెట్టింగ్ చూడండి.

అండర్‌స్కోర్ దెబ్బ పురుగుమందుల కంటే విజయవాడ ఆటోనగర్ తరహా స్పేర్‌పార్ట్స్ సరుకులో ఎక్కువ. పార్ట్ కోడ్‌లో అండర్‌స్కోర్ పెట్టుకున్న కొట్టులో బీపీ_12 అని వెతికితే బీపీ-12, బీపీ112 కూడా వస్తాయి. జాబితా పెద్దది కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, వేరే పార్టు బిల్లయిపోతుంది. పర్సెంట్ తప్పు చేస్తే ఫలితాలు కుప్పగా వచ్చి కనిపిస్తుంది, అండర్‌స్కోర్ తప్పు కనిపించదు. టెస్టు రాసేటప్పుడు దీన్నే ముందు రాయమంటాం.

తెలుగు పేర్లు పెట్టుకున్న టేబుల్లో అండర్‌స్కోర్‌ని కావాలని వాడేవాళ్లకి ఒక మాట. అది లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు, యూనికోడ్ గుర్తుని. 'నల్లి' మన కంటికి రెండక్షరాలు. డేటాబేస్‌కి న, ల, పొల్లు, ల, గుడి కలిపి ఐదు. 'మిర్చి' ఆరు. రెండు అండర్‌స్కోర్లతో నల్లి దొరకదు.

భద్రత సంగతికొస్తే, ఇది టేబుల్ లేపేసే ఇంజెక్షన్ కాదు. అయినా తేలిగ్గా తీసుకోకూడని చోట్లు ఉన్నాయి. అప్పు ఖాతాల పేజీలో 'కనీసం మూడక్షరాలు కొడితేనే పేర్లు చూపించు' అని నియమం పెడతారు. %%% అని కొడితే మూడక్షరాలూ ఉన్నాయి, రైతులందరి పేర్లూ ఫోన్ నంబర్లూ వచ్చేస్తాయి. బిల్లు నంబరో టోకెనో సరిచూసే చోట లైక్ అసలు వాడకూడదు. అక్కడ ఎస్కేప్ చేయడం కూడా జవాబు కాదు, సమానం గుర్తే వాడాలి. వేగం వైపు చూస్తే, పేరు మొదటి అక్షరాలతో వెతికే 'ఎసి%' లాంటి ప్యాటర్న్‌కి ఇండెక్స్ పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో కొలేషన్ (అక్షరాల వరుస పద్ధతి) 'సీ' కాకపోతే దానికి టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ ఇండెక్స్ కావాలి. వాడినవాడు ముందే ఒక పర్సెంట్ కొడితే ఆ ఇండెక్స్ పక్కకి పోయి టేబుల్ మొత్తం చదవాల్సి వస్తుంది. వందల పర్సెంట్లు కలిపిన పొడుగాటి మాట పంపితే పోలికే భారమవుతుంది. ఎస్‌క్యూలైట్ ఈ కారణంగానే లైక్ ప్యాటర్న్ పొడవుకి మామూలుగా 50,000 బైట్ల హద్దు పెట్టింది. కొట్టు సెర్చ్‌కి 60 అక్షరాలు దాటనివ్వకండి, చాలు.

లైక్ లేకుండా కూడా పని అవుతుంది, చిన్న టేబుళ్లకి మేం అదే మేలంటాం. పోస్ట్‌గ్రెస్‌లో ఎస్‌టీఆర్‌పాస్, మైఎస్‌క్యూఎల్‌లో లొకేట్, ఎస్‌క్యూలైట్‌లోనూ ఒరాకిల్‌లోనూ ఇన్‌స్టర్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చార్‌ఇండెక్స్. ఇవి మాట ఉన్న చోటుని అంకెగా ఇస్తాయి, సున్నా కంటే ఎక్కువైతే ఉన్నట్టు. వీటికి వైల్డ్‌కార్డ్ అనేదే తెలియదు కాబట్టి ఎస్కేప్ చేయాల్సింది ఏమీ లేదు. రెండు చిక్కులు: ఎస్‌క్యూలైట్ ఇన్‌స్టర్‌కి ఇంగ్లిష్ పెద్ద-చిన్న అక్షరాలు వేరు, పోస్ట్‌గ్రెస్ ట్రైగ్రామ్ ఇండెక్స్ ఎస్‌టీఆర్‌పాస్‌కి అందదు. ఆ ఇండెక్స్ ఉన్నా 5% లాంటి చిన్న మాటకి చేసేదేమీ లేదు, మూడక్షరాలైనా ఉంటేనే దానికి పట్టు దొరుకుతుంది. కొన్ని వేల సరుకులున్న కొట్టుకి టేబుల్ మొత్తం చదివినా గుమస్తాకి తేడా తెలియదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, రా క్వెరీలు రాయనని మాట ఇవ్వగలిగితే, జాంగో. పైథానే కావాలి గానీ జాంగో బరువనుకుంటే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ తీసుకుని ఆటోఎస్కేప్‌ని ప్రాజెక్టు నియమంగా పెట్టుకోండి. ఇప్పటికే లారావెల్‌లో నడుస్తున్న బిల్లింగ్‌ని దీనికోసం మార్చాల్సిన పనిలేదు. ఆశ్చర్యార్థకం పద్ధతిని ఒకేచోట ఫంక్షన్‌గా రాసి, కోడ్ మొత్తంలో 'లైక్' అని వెతికి ప్రతిచోటా దాన్నే పిలవండి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌కి మారితే పీడ వదులుతుందనుకోకండి, అక్కడ వైల్డ్‌కార్డ్ క్వెరీలో * కీ ? కీ ఇదే కథ.

సాఫ్ట్‌వేర్ కొనే కొట్టు యజమానులకి కోడ్ చూడక్కర్లేదు. డెమో ఇచ్చేటప్పుడు సెర్చ్‌బాక్స్‌లో నాలుగు కొట్టించండి: ఒక్క %, ఒక్క _, ఒక్క \, ఆఖరున 5%. మొదటిదానికి పేరులో పర్సెంట్ ఉన్న మందులే రావాలి, ఎరువుల బస్తాలు రాకూడదు. రెండు, మూడుకి సరుకు పేర్లలో ఆ గుర్తు లేకపోతే 'ఏమీ దొరకలేదు' అని రావాలి. మొత్తం జాబితా వచ్చినా ఎర్రర్ పేజీ వచ్చినా ఎస్కేప్ చేయనట్టే. నాలుగోదానికి 50% ఈసీ కనిపించిందంటే, సరిచేసి చూపించాకే మిగిలిన డబ్బు ఇవ్వండి.